మర్నాడు వచ్చే మనిషి

ఐసుప్యాకును చెవి దగ్గర పెట్టుకుని ఊపింది ఫేబే. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు ఇంకా రాలేదు. దాన్ని బల్లమీద పెట్టి రెండోది తీసుకుంది. ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకులు కాస్త చెమర్చి, లోపలి మంచు కరగడం మొదలైతేగాని టీకాల డబ్బాలో సర్దకూడదు. తొందరపడితే చలికి మందు గడ్డకట్టి పాడవుతుంది. ముప్ఫైఆరేళ్ళుగా ప్రతి బుధవారం పొద్దున్న ఇలా నాలుగు ప్యాకులు వరుసగా పెట్టుకుని, అవి చెమర్చేదాకా నిలబడే ఉండటం ఆమెకి అలవాటు. కూర్చోదు. కూర్చుంటే లేవడానికి మోకాళ్ళు ఒప్పుకోవు.

పొట్టి మనిషి. పలచబడ్డ జుట్టును చిన్న ముడి వేసి నల్ల వల తొడుగుతుంది. తెల్లచీర కొంగు నడుముకి బిగించి దోపుకుంటుంది. డబ్బా పట్టీ ఎప్పుడూ ఎడమ భుజానికే వేసుకోవడం వల్ల ఆ భుజం రెండో దానికన్నా కిందికి దిగిపోయింది. ఫోటోల్లో ఆమె ఎప్పుడూ ఏదో వినడానికి ఒంగినట్టు కనిపిస్తుంది.

సుష్మ జాబితా పట్టుకుని వచ్చింది. వచ్చే వారం నుంచి ఈ డబ్బా, ఈ బస్తీలు అన్నీ సుష్మవే. ఇరవై ఏడేళ్ళ పిల్ల, చురుకైనది. తెలుగు గడగడా మాట్లాడుతుంది, హిందీ బడిలో చదివింది కాబట్టి తెలుగు చదవడం మాత్రం రాదు. ఫేబే తెలుగులో రాసుకున్న లావుపాటి నోటుబుక్కును మొన్న తిరగేసి, నవ్వి పక్కన పెట్టేసింది.

ఇవాళ అయిదుగురు పిల్లలు. అయిదో పేరు దగ్గర సుష్మ కలం ఆపింది. పాపకి పేరు పెట్టలేదింకా. చిట్టితల్లి కూతురు అని మాత్రం ఉంది. యాభై ఏడు రోజులు. నెలన్నర టీకా పడాల్సింది పడలేదు.

"మేడమ్, ఈ ఒక్కటి ఛోడ్ దేతే హై, వదిలేద్దాం. వాళ్ళు వద్దన్నారని రాసి సంతకం తీసుకుందాం. రేపు మీ ఫంక్షన్ కదా, ఈ టెన్షన్ ఎందుకు?"

రేపు పదకొండు గంటలకి ఫేబేకి వీడ్కోలు సభ. శాలువా కొన్నారు, సమోసాలు చెప్పారు. ఎల్లుండి పోర్ట్‌బ్లెయిర్ బస్సు. ఆ ఊళ్ళోనే గరాచర్మలో తమ్ముడు బెన్‌హర్ కొత్త ఇల్లు కట్టుకుని, అక్క కోసం కింద ఒక గది ఉంచాడు. ఆమె పెట్టెలు నిన్ననే అక్కడికి చేరిపోయాయి. క్వార్టర్‌లో ఒక మంచం, ఒక చేతిసంచి మిగిలాయి.

ఫేబే మూడో ప్యాకు ఊపింది. నీళ్ళు కదిలాయి.

"చూద్దాంలే," అంది.

రంగత్ బజారులో గణేశ్వరరావు టీ దుకాణం ముందు బస్తీకి వెళ్ళే బస్సు ఆగుతుంది. ఆమెని చూడగానే ఆయన చక్కెర తక్కువ టీ పోసి ఇచ్చాడు. కరోనా రోజుల్లో ఈ మనిషే, సూది వేసుకున్నవాళ్ళు రెండేళ్ళలో పోతారని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఫేబే ఆయనతో వాదించలేదు. రోజూ బస్సుకి అరగంట ముందొచ్చి, అక్కడే టీ తాగుతూ, మానని ఆయన కాలిపుండు కడిగి కట్టు మార్చేది. సూది మాట ఎత్తేది కాదు. మూడు వారాలయ్యాక ఆయనే చొక్కాచెయ్యి పైకి మడిచాడు. రెండేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి, నేనింకా ఉన్నానేమిటని ఇప్పటికీ ఆమెతో వేళాకోళమాడతాడు.

జనాన్ని ఒప్పించడానికి ఫేబే దగ్గర వేరే విద్య ఏదీ లేదు. వాళ్ళ దగ్గర కూర్చునేది, వాళ్ళు చెప్పేది వినేది. ఇంకొక అలవాటు ఉంది. టీకా వేసిన మర్నాడు ఆ బిడ్డ ఇంటికి వెళ్ళేది. అది డ్యూటీలో లేదు. జ్వరం చుక్కలు ఇచ్చి, జాగ్రత్తలు చెప్పి వచ్చేయమనే పై నుంచి ఉత్తర్వు. అయినా సొంత టికెట్టు మీద, గొడుగేసుకుని, ఎవరూ రమ్మనకపోయినా వెళ్ళేది. బిడ్డ చొక్కా ఎత్తి, డొక్కల కేసి చూస్తూ, గడియారం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టేది. తర్వాత ఇంకేం మాట్లాడకుండా వచ్చేసేది. కొందరు తల్లులు ఆమెకి కాస్త చాదస్తమనుకున్నారు.

అంగన్‌వాడీలో పదకొండింటికల్లా నలుగురు పిల్లల పని అయిపోయింది. తడిసిన టార్పాలిన్ వాసన, పిల్లల ఏడుపులు, కిటికీ అవతల పోకచెట్ల మీంచి రాలుతున్న వాననీళ్ళు. ఫేబే అయిదో పేరు కేసి చూస్తూ కూర్చుంది.

ఆ పాప కాళమ్మ మనవరాలు.

ఈ బస్తీలోనే, ఒకే వరసలో ఫేబే ఇల్లూ కాళమ్మ ఇల్లూ ఉండేవి. ఫేబే నాన్న తాపీపనికి, కాళమ్మ నాన్న చేపలవేటకి శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో ఈ దీవికి వచ్చి దిగారట. ఆదివారం ఫేబే వాళ్ళు తెలుగు ఆరాధనకి వెళ్ళొచ్చేదాకా కాళమ్మ గుమ్మంలో కాళ్ళు ఊపుతూ కూర్చునేది. ఇద్దరూ ఒకే జడపిన్నులు మార్చుకునేవాళ్ళు. ఒకసారి పందెం కట్టి, చేతులు పట్టుకుని జెట్టీ మీంచి సముద్రంలోకి దూకారు. పైకి తేలాక కూడా చేతులు వదల్లేదు. కాళమ్మ అయిదో తరగతి దగ్గర ఆగిపోయి, లక్ష్ముడిని పెళ్ళాడి ఎండుచేపల పనిలో పడింది. ఫేబే నర్సు శిక్షణ పూర్తిచేసి ఇక్కడికే వచ్చింది. కాళమ్మకి మొదటి కూతురు పుట్టినప్పుడు పురుడు దగ్గర ఉన్నది ఫేబేనే. నెలన్నరకి టీకా వేసిందీ ఫేబేనే. మూడో రోజు తెల్లవారేసరికి ఆ పిల్ల పోయింది.

అది న్యుమోనియా అనీ, సూదికి సంబంధం లేదనీ డాక్టరు కాగితం రాశాడు. బస్తీ ఆ కాగితాన్ని నమ్మలేదు. కాళమ్మ ఏమనుకుందో ఎవరికీ తెలియదు. ఆనాటి నుంచి ఫేబేతో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే చేపలగంప తలమీద సర్దుకుంటూ పక్కకి చూసేది. తర్వాత పుట్టిన కొడుకు మణికుమార్‌కి ఒక్క టీకా వేయించలేదు. పెద్దయి ఓడలో పనికి కుదిరేటప్పుడు వాడంతట వాడే వేయించుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట లక్ష్ముడు పోతే, ఫేబే రోడ్డుకి ఇవతలే నిలబడి, శవం కదిలేదాకా ఉండి వెళ్ళిపోయింది. ఫేబే పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు వచ్చాయి, పోయాయి. ఇంట్లో ఏదైనా మంచి కూర కుదిరినప్పుడు మాత్రం, ఇది కాళీకి ఇష్టం అన్న మాట ముప్ఫైనాలుగేళ్ళుగా మనసులోకి వస్తూనే ఉంది.

డబ్బా పట్టీ భుజానికి తగిలించుకుంది. సుష్మ గొడుగు తెరిచింది.

కాళమ్మ వరండాలో ఎండుచేపల్ని మళ్ళీ పరుస్తోంది. వాన పడినప్పుడల్లా లోపలికి లాగి, వెలిసినప్పుడల్లా బయటికి పరచడమే ఈ నెలల్లో ఆమె పని. తెల్లగా నెరిసిన జుట్టు, ఎండకి మాడిన మోచేతులు. లోపల కోడలు చిట్టితల్లి పాపని ఒళ్ళో వేసుకుని ఉంది. ఫేబేని చూసి తలదించుకుంది. పోయిన రెండు బుధవారాలూ ఆ అమ్మాయి సిగ్గుపడుతూనే తలుపు వేసేసింది. అత్త ఒప్పుకోవట్లేదు దీదీ అని మాత్రం కిటికీలోంచి చెప్పింది. ఓడ మీదున్న మణికుమార్‌కి ఫోన్ చేస్తే, అమ్మ ఎలాగంటే అలాగే అన్నాడట.

ఫేబే మెట్టు కిందే ఆగింది. వస్తూ ఏమేం చెప్పాలో అనుకుంది. ధనుర్వాతం సంగతి, కోరింతదగ్గు సంగతి. ఆ ముఖం చూశాక అవేవీ నోటికి రాలేదు.

"నా చేత్తో వద్దనుకుంటే ఈ అమ్మాయి వేస్తుంది కాళీ. సుష్మ. చెయ్యి తేలిక. నేను రోడ్డు మీద ఉంటాను."

కాళమ్మ చేపల మీంచి చూపు ఎత్తలేదు. ఇంకో రెండు చేపలు పరిచి అంది.

"సెయ్యి సంగతి ఎవులడిగినారు?"

ఆ గొంతు తనతో మాట్లాడి ముప్ఫైనాలుగేళ్ళయింది. ఇప్పుడు బొంగురుపోయింది. ఫేబే డబ్బా కింద పెట్టింది.

"కరోనా సూది నాను ఏసుకోనేదేటి? జెట్టీకాడ రెండూ ఏసుకున్నాను. సూదంటే నాకేటి భయం," అంది కాళమ్మ. "సూదేసినోళ్ళు బస్సెక్కేస్తారు. పిల్ల మా ఒళ్ళో ఉంటాది. ఒళ్ళు కాలి బుఖారొచ్చినా, ఊపిరాడకపోయినా మా ఒళ్ళోనే ఉంటాది."

సుష్మ ఏదో చెప్పబోయింది. ఫేబే చెయ్యి పట్టుకుని ఆపింది.

"సూదేసిన మర్నాడు పొద్దుగూకినాక లక్ష్ముడిని నీకాడికి పంపినాను," కాళమ్మ ఒక చేపని ఇటు తిప్పి, మళ్ళీ అటు తిప్పింది. "వానలో అయిదు మైళ్ళు నడిసినాడు. నాను మందడగనేదు. నిన్ను రమ్మన్నాను."

ఫేబే ఆ సాయంత్రం గురించి డాక్టరుకి చెప్పింది, పాస్టరుగారికి చెప్పింది, ప్రార్థనలోనూ చెప్పుకుంది. అందరికీ ఒకే మాట. టీకా వేస్తే జ్వరం మామూలేనని శిక్షణలో నేర్పిందే చెప్పాను, చుక్కలమందు పంపాను. అందులో అబద్ధం లేదు. అందరూ ఆమెది తప్పు కాదన్నారు. ఆమె చెప్పని ముక్క ఒకటుంది. దాన్ని ఇంతకాలం ఎవరూ అడగలేదు.

మెట్టు మీద కూర్చుంది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఆఫీసు మాటలు వదిలిపోయి, చిన్నప్పటి బస్తీ మాట నోట్లోకి వచ్చేసింది.

"లక్ష్ముడు సెప్పినాడు కాళీ. పిల్ల పాలు తాగట్లేదన్నాడు. డొక్కలెగరేస్తందన్నాడు. ఇన్నాను. అది మామూలు జ్వరం కాదని తెలిసే ఇన్నాను. వాన కురుస్తంది. ఆ రోజంతా రెండూళ్ళు తిరిగొచ్చి, తలంటుకుని పక్కేసుకున్నాను. నిద్దరొస్తంది. పొద్దున్నే ఎల్దాంలే అనుకున్నాను."

వాన మళ్ళీ మొదలైంది. కాళమ్మ లేచి చేపల్ని లోపలికి లాగలేదు. రేకుల చూరు మీంచి నీళ్ళు పడి మొదటి వరస తడిసింది.

"నిద్దరొచ్చింది," అంది కాళమ్మ. ప్రశ్నలాగా లేదది. ఆ మాట బరువెంతో చూస్తున్నట్టుంది.

"అవును."

"ఈ మాట సెప్పడానికి ముప్పైనాలుగేళ్ళు పట్టిందేటే?"

లోపల పాప నిద్రలో చిన్నగా మూలిగింది. చిట్టితల్లి దాన్ని భుజం మీద వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. సుష్మ గొడుగు మూసిందో తెరిచిందో ఆమెకే తెలియలేదు.

కాళమ్మ లేచింది. వరండా చివర బకెట్టు దగ్గర మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుంది. చీరకి తుడుచుకుని కోడలి దగ్గర చేతులు చాపింది. పాపని తీసుకుని కొంగు కప్పి, వానలోనే అంగన్‌వాడీ కేసి నడిచింది. ఫేబే కేసి చూడకుండానే చెప్పింది.

"నువ్వే ఎయ్యి. ఏసి బస్సెక్కకు."

అంగన్‌వాడీలో కాళమ్మ పాప కాలు తానే పట్టుకుంది. ఫేబే సీసా మీది గుర్తు చూసింది, తేదీ చూసింది, మళ్ళీ చూసింది. ఎన్ని వేల తొడల్లో దింపిందో ఇలాంటి సూదులు. ఎడమ తొడ మీద దూదితో తుడుస్తుంటే వేళ్ళు చల్లగా తగిలాయి. సూది దిగింది. పాప ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, తర్వాత గట్టిగా ఏడ్చింది. కాళమ్మ దాన్ని రొమ్ముకి అదుముకుని ఊగింది. తలుపు దగ్గర నలుగురు ఆడవాళ్ళు చేరారు.

అరగంట గడిచాక సుష్మ డబ్బా సర్దుకుంది. మేడమ్, బస్సు అంది. ఫేబే డబ్బా ఆమె భుజానికి తగిలించి, పట్టీ పొట్టి చేసి, తాను రానని చెప్పింది.

"రేపు ఫంక్షన్? డాక్టర్ సాబ్ వస్తారు. అందరికీ ఏం చెప్పాలి?"

"డ్యూటీలో ఉన్నానని చెప్పు."

సాయంత్రానికి పాప ఒళ్ళు వెచ్చబడింది. తొడ కాస్త గట్టిపడింది. ఫేబే చుక్కలు లెక్కపెట్టి వేసింది. పాప పాలు తాగుతోంది. తాగినంతసేపూ కాళమ్మ దాని నోటి కేసే చూస్తూ ఉంది. ఫేబే పాప చొక్కా పైకెత్తి ఊపిరి లెక్కపెట్టింది. నలభై నాలుగు. ఇంకో గంటకి మళ్ళీ. నలభై ఆరు. ఈ వయసు పిల్లలకి అరవై లోపు ఉంటే భయం లేదని, అరవై చేరినా, డొక్కలు లోపలికి లాగినా, పాలు మానేసినా ఆ నిమిషమే బండి కట్టించుకుని ఆస్పత్రికి రావాలని చెప్పింది. చిట్టితల్లి ఫోన్లో రాసుకుంది. కాళమ్మకి రాయడం రాదు. గడియారంలో ముల్లు చూడటం వచ్చు. తానూ లెక్కపెడతానంది.

మొదటిసారి తప్పింది. రెండోసారి పెదవులు కదుపుతూ, ముల్లు చుట్టూ తిరిగి వచ్చేదాకా లెక్కపెట్టి, నలభై అయిదంది. సరిపోయింది. ఆమె గడియారం వదల్లేదు.

"నా పెద్దపిల్లకి ఎంతుండేదో అప్పుడు?" అంది.

ఇద్దరూ పాప పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చున్నారు. తర్వాత కాళమ్మ లేచి, రెండు కంచాలు పెట్టింది.

మర్నాడు పదకొండు గంటలకి ఫేబే ఫోన్ మూడుసార్లు మోగింది. అప్పుడామె పాపకి గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఒళ్ళు తుడుస్తోంది. జ్వరం దిగిపోయింది. పక్కన కాళమ్మ చేపల్ని బయటికి పరుస్తూ, లోపలికి లాగుతూ, మధ్యలో వచ్చి చూసిపోతోంది. మధ్యాహ్నం చారులో కాస్త ఎక్కువ చింతపండు పడింది. ఇద్దరికీ అలాగే ఇష్టం. పాత సంగతులేవీ మాట్లాడుకోలేదు. ఒక్కసారి మాత్రం, చేతులు కడుక్కుంటూ కాళమ్మ అడిగింది.

"ఈత వొచ్చేటి నీకు ఇంకా?"

"తెలీదే. మళ్ళీ దిగనేదు."

"నానూ దిగనేదు," అంది కాళమ్మ.

సాయంత్రం సుష్మ వచ్చింది. శాలువా, ఫ్రేము కట్టిన ఫోటో, నూనె ఓడుతున్న సమోసాల పొట్లం, క్వార్టర్‌లో ఉండిపోయిన చేతిసంచి తెచ్చింది. ఛార్జి అప్పగించే కాగితాల మీద ఫేబే ఆ వరండాలోనే, చేపల పక్కన కూర్చుని సంతకాలు చేసింది. చివరి సంతకం కింద తేదీ వేశాక కలం మూత పెట్టి సుష్మ చేతికిచ్చింది. ఆమె వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, టీకా వేసిన మర్నాడు ఇళ్ళకి వెళ్ళమని చెప్పింది. డ్యూటీలో ఉందా మేడమ్ అని సుష్మ అడిగింది. లేదు అంది ఫేబే. సుష్మ తలూపింది. ఒప్పుకుందో, పెద్దావిడ మాటకి ఊరికే ఊపిందో తెలియలేదు.

మూడో రోజు పొద్దున్న పాప కళ్ళు తెరిచి, రేకుల మీద పడే వెలుతురు కేసి చూస్తూ కాళ్ళు తన్నింది. కాళమ్మ దాని చొక్కా ఎత్తి, తానే లెక్కపెట్టింది. నలభై రెండు. మళ్ళీ లెక్కపెట్టింది. నలభై రెండే. అప్పుడు పాపని కోడలికి ఇచ్చి, వరండా అంచున వెనక్కి తిరిగి నిలబడింది. భుజాలు రెండుమూడు సార్లు కదిలాయి. ఫేబే దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళాలో లేదో ఆమెకి తెలియలేదు. తెలుసుకోవడానికి ఇంకా కొన్నాళ్ళు కావాలనిపించింది.

పోర్ట్‌బ్లెయిర్ బస్సు ఏడింటికి వస్తుంది. ఫేబే మొహం కడుక్కుని, ముడి వేసుకుని, చేతిసంచి తీసుకుంది. సమోసాలు చిట్టితల్లికి ఇచ్చేసింది.

"రెండో సూదెప్పుడు?" అడిగింది కాళమ్మ.

"ఇంకో నెలకి."

"నువ్వేస్తావేటి?"

"నాను ఎయ్యకూడదింక. సుష్మ ఏస్తాది."

"ఏస్తాది," అంది కాళమ్మ. "మర్నాడు వొచ్చేదెవులు?"

గరాచర్మ నుంచి ఇక్కడికి రావాలంటే ఒక పగలంతా బస్సు. వరసగా దాటాల్సిన సముద్రపు పాయలు, పడవలు, బస్సులో కూర్చుంటే బిగుసుకుపోయే మోకాళ్ళు. అక్కడ తమ్ముడి భార్యకి ఒంట్లో బాగుండదు. అక్క వస్తోందని వాళ్ళు ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నారు. వస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఈ మనిషికి ఆ మాట ఊరికే ఇవ్వడం మాత్రం ఇక ఫేబే వల్ల కాదు.

"రావాలనుంది కాళీ," అంది.

కాళమ్మ ఆమె భుజం కేసి చూసింది. డబ్బా లేకపోయినా అది దిగిపోయే ఉంది. చెయ్యి వేసి, కొంగు సర్దినట్టుగా ఒకసారి నొక్కి, వదిలేసింది. ఎల్లు, బస్సొచ్చేస్తాది అంది.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. మలుపు తిరిగే దగ్గర రోడ్డు కాస్త ఎత్తుగా ఉంటుంది. ఆవులు అడ్డొచ్చి బస్సు కాసేపు ఆగితే, అక్కడినుంచి కాళమ్మ ఇల్లు కొబ్బరిచెట్ల మధ్య కనిపించింది. ఆమె అప్పుడే పనిలో పడింది. కోడలి పక్కబట్టలు దులిపి తీగ మీద వేసింది. తన చాప చుట్టి గోడకి ఆనించింది. చేపల గంపలు బయటికి లాగింది. వాటిని పరచడానికి చోటు చాలక, గంపతో అటూ ఇటూ నడిచి, ఆఖరికి వాకిట్లో, తడినేల మీద గోనెపట్టా వేసి పరచడం మొదలుపెట్టింది. వరండాలో గోడవారగా, రెండు రాత్రులు ఫేబే పడుకున్న చాప, తలగడతో సహా, ఇంకా పరిచే ఉంది.